లేదనుటకు ప్రమాణము

హైదరాబాదు చిక్కడపల్లిలో ఏ దేవాలయ మండపమునందో సాయంకాలపు ప్రవచనము జరుగుచుండగా, పౌరాణికుడు ఆత్మ కంటికి గోచరింపదనియు, చెవికి వినబడదనియు, అయినను అది లేదనుట అవివేకమనియు చెప్పినప్పుడు తల యూపని శ్రోత యుండడు. ఆ శ్రోతయే ప్రసాదము కన్నుల కద్దుకొని యిల్లు చేరిన పిమ్మట, అయ్యా, తమ అపార్టుమెంటు క్రింది నేలనుండి రంగు, రుచి, వాసన లేని వాయువొకటి వెలువడి గదులలో చేరుచున్నదేమో కొలిపించుకొనరాదా యని యెవరైన నడిగినచో, "ఉంటే ఇన్నాళ్లూ తెలియకుండా ఉంటుందా?" అని నవ్వి తలుపు వేసికొనును. ఒకే సాయంకాలమున ఒకే మనుజుడు కానరానిదానిని నమ్మి, కానరానిదానినే కాదనుచున్నాడు. ఇది కపటమని నేననను. మొదటిదానిని నమ్మినందున అతడు రేపు ఉదయమే చేయవలసిన పని యేదియు లేదు. రెండవదానిని నమ్మినచో కిటికీలు తెరువవలెను, అసోసియేషన్ సమావేశములో నోరు విప్పవలెను, కొంత సొమ్ము తీయవలెను. నమ్మకమునకు వెల కట్టవలసి వచ్చినప్పుడే మనకు ప్రమాణములు జ్ఞప్తికి వచ్చును.

ఆ వాయువునకు రేడాన్ అని పేరు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు నిలిచియున్నది గ్రానైటు శిలమీద. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞుల నిర్ణయము. నౌబత్ పహాడ్‌మీదను, గోలకొండ పరిసరములందును బయటపడి కనిపించు బండలు ఏ శిలయో, మన ఫ్లాటుల పునాదుల క్రింద మన్ను కప్పుకొని పరుండినదియు ఆ శిలయే. అందు లేశమాత్రముగా యురేనియమున్నది. యురేనియము సగము క్షయించుటకు 447 కోట్ల సంవత్సరములు పట్టును గనుక, శిల పుట్టిననాడు దానిలో నున్నదానిలో మూడింట రెండువంతులు నేటికిని మిగిలియేయున్నది. అది మెల్లమెల్లగా రూపములు మార్చుకొనుచు, 1600 సంవత్సరముల అర్ధాయువు గల రేడియమగును. రేడియమునుండి రేడాన్ పుట్టును. ఆ వంశములోని తక్కినవన్నియు ఘనపదార్థములై పుట్టినచోటనే రాతిలో బంధింపబడి యుండగా, ఈ యొక్కటి మాత్రము వాయువై, దేనితోను కలియని ఉదాసీన స్వభావముతో, మట్టి సందులలోనుండి పైకి ప్రాకి వచ్చును. దాని అర్ధాయువు 3.8 దినములు మాత్రమే. ఆరుబయట గాలిలో చెదరిపోయినచో దానివలన చెప్పుకొనదగిన హాని లేదు. మూసిన గదిలో చిక్కినచో, ఆ స్వల్పాయుర్దాయములోనే పొలోనియము, సీసము, బిస్మతు అను సంతానమును గని పోవును. ఈ సంతానము ధూళికణముల నంటుకొని శ్వాసతో లోపలికి పోయి శ్వాసనాళముల గోడలమీద నిలుచును. అందు పొలోనియము ఆల్ఫాకణములను విడుచును. బయటనుండి వచ్చినప్పుడు ఒక కాగితమును దాటజాలని, చర్మమును చొరజాలని ఆ కణము, లోపలనే పుట్టినప్పుడు ఏ కవచమును లేని జీవకణమును సూటిగా కొట్టును.

దీనికి కొలతలు కలవు. బెకరెల్లు అనగా సెకనునకొక పరమాణువు క్షయించుట. ప్రపంచమున ఇండ్లలోని రేడాన్ సగటు ఘనమీటరునకు సుమారు 40 బెకరెల్లులు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ప్రకటించిన గ్రంథమున 100 బెకరెల్లులను హద్దుగా పెట్టుకొనుడనియు, అది సాధ్యము కాని దేశములందు 300 దాటనీయకుడనియు చెప్పినది. ఊపిరితిత్తుల క్యాన్సరులలో నూటికి 3 మొదలు 14 వరకు, దేశమును బట్టి, రేడాన్ వలన కలుగుచున్నవని లెక్కగట్టినది. దీర్ఘకాలపు సగటు 100 బెకరెల్లులు పెరిగినప్పుడెల్ల రోగభయము నూటికి సుమారు 16 వంతున హెచ్చునని తేల్చినది. నిడివి, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు గల పడకగదిలో ఆ 100 బెకరెల్లుల గాలియే యున్నదనుకొందము. అచ్చట సెకనునకు సుమారు 2,800 రేడాన్ పరమాణువులు క్షయించుచుండును. ఆ నిశ్శబ్ద సంకులము నడుమనే మనము దినపత్రిక చదువుకొందుము. అయినను ఆ గాలిని ఒక ఘనమీటరు తీసి చూచినచో రేడాన్ పరమాణువులు అయిదు కోట్లకు లోపుగనే యుండును. తక్కిన అణువుల సంఖ్యయో, 25 ప్రక్కన ఇరువదినాలుగు సున్నలు చేర్చినంత. ఇంత పలుచని వస్తువును ఏ ముక్కు పసికట్టగలదు?

అయినను "ఉంటే తెలియదా?" అను ప్రశ్న మూఢప్రశ్న కాదు. మన మీమాంసకులు దానిని మిగుల మన్నించిరి. కుమారిలభట్టు సంప్రదాయమువారు ప్రత్యక్షానుమానాదులైన యైదింటికి తోడుగా అనుపలబ్ధి యను నాఱవ ప్రమాణమును అంగీకరించిరి. అద్వైతులును వ్యవహారదశలో దానిని చేకొనిరి. నేలమీద కుండ లేదని మనకెట్లు తెలియును? లేమిని కన్ను చూడజాలదు. కుండ కనబడకపోవుటయే కుండ లేదను జ్ఞానమునకు సాధనము. కాని వారచ్చట ఆగలేదు. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనుట చెల్లదు. ఉన్నచో కనబడితీరవలసిన పరిస్థితులుండగా కనబడనప్పుడే లేదని పలుకుట కధికారము. యోగ్యత అని వారు చేర్చిన ఆ నియమమొక్కటి తీసివేసినచో ఆ ప్రమాణము గ్రుడ్డివాని సాక్ష్యమగును. రేడాన్ విషయమున మన యింద్రియములకు ఆ యోగ్యత జన్మతః లేదు. కాబట్టి ఇరువదియేండ్లుగా ఆ ఫ్లాటులో కాపురమున్న గృహస్థు "నాకేమీ తెలియలేదు" అనుట సత్యమే. "కాబట్టి లేదు" అనుట మాత్రము భట్టపాదుల న్యాయస్థానమున నిలువదు.

సాంఖ్యుడైన ఈశ్వరకృష్ణుడు ఉన్న వస్తువే కనబడకపోవుటకు ఎనిమిది హేతువుల నెన్నెను: మిక్కిలి దూరము, మిక్కిలి సామీప్యము, ఇంద్రియలోపము, మనస్సు వేఱొకచోట నుండుట, సూక్ష్మత్వము, అడ్డు, బలీయమైనదానిచే మఱుగుపడుట, తనవంటి వస్తువులలో కలసిపోవుట. సూక్ష్మత్వమున రేడాన్‌ను మించినవి అరుదు. గాలిలో గాలియై కలసిపోయినది. ఊపిరియంత సమీపమైనది గనుక, వ్యాఖ్యాతలు చెప్పు కంటికాటుకవలె, సామీప్యముచేతనే కానరాదు. మనస్సు వేఱొకచోట నుండుట యను నాలుగవ హేతువు మాత్రము వస్తువునకు గాక మన అసోసియేషన్ సమావేశములకు వర్తించునని నాకు తోచును. లిఫ్టు మరమ్మతును, పార్కింగు తగవును తెమలునప్పటికే రాత్రి పదిగంటలగును.

మనము కానరానిదానికి ఎన్నడును భయపడనివారమా యనిన, అట్లును కాదు. కుక్కకాటు తిన్నవారు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు సూదిమందుకై పరుగెత్తుట నగరవాసుల కలవాటే. అప్పటికి కుక్క ఏ వీధిలోనికో పోయియుండును. వారు భయపడుచున్నది దేహములో ప్రవేశించినదో లేదో తెలియని, ప్రవేశించినను వారములో నెలలో గడచినగాని తన యునికి తెలుపని సూక్ష్మక్రిమికి. అచ్చట తర్కము వెంటనే సాగుటకు కారణము, గాయము కంటికి కనబడినది. లింగము, అనగా గుర్తు, ప్రత్యక్షమైనచోట మన ప్రజలకు అనుమానప్రమాణమును నేర్పనక్కరలేదు.

లింగమే కానరానిచోట మానవుడు కల్పనలకు దిగును. మధ్య యూరపు గనులను గూర్చి అగ్రికోలా అను పండితుడు రచింపగా 1556లో వెలువడిన గ్రంథమున, కార్పాతియను పర్వతముల గనుల చెంత వరుసగా ఏడుగురు భర్తలను పెండ్లాడిన స్త్రీలు కలరని యున్నది. గనిలోని ధూళి ఒకరి తరువాత నొకరిని మ్రింగెనని ఆతడు తలచెను. గనులలో సంచరించు పిశాచముల ప్రసక్తియు ఆ గ్రంథముననే కలదు. జర్మనీలోని ష్నీబెర్గు గనిపనివారి ప్రాణములను తీయుచున్నది ఊపిరితిత్తుల క్యాన్సరని హార్టింగు, హెస్సె అను వైద్యులు తేల్చుటకు 1879 వరకు కాలము పట్టెను; రేడియమునుండి వెలువడు వాయువును డోర్న్ అను శాస్త్రజ్ఞుడు గుర్తించినది 1900లో. పిశాచమనినవారిని చూచి నవ్వుట మనకు తగదు. ఏదో యున్నదని వారు గ్రహించిరి. దాని స్వరూపమును మాత్రము తప్పుగా చెప్పిరి. ఏమియు లేదనువానికన్న వారు సత్యమునకొక అడుగు చేరువనే యుండిరి.

ఇక కొలుచుట. నాకు ఈ విషయమున అన్నిటికన్న రమ్యముగా తోచునది ఇదియే, ఏలయన ఇందు యంత్రముకన్న తర్కము హెచ్చు. ఎల్.ఆర్.-115 అని వ్యవహరింపబడు ఎఱ్ఱని పలుచని ఫిల్ము ఒకటి యున్నది. సెల్యులోజు నైట్రేటుతో చేసిన దాని పొర మందము మిల్లీమీటరులో నూటికొకవంతుకు రవ్వంత యెక్కువ. దానిని చిన్న గిన్నెవంటి పాత్రలో అమర్చి గదిలో గోడకు దూరముగా వ్రేలాడదీసి, సుమారు మూడు నెలలు అట్లే విడుతురు. విద్యుత్తు అక్కరలేదు, కాపలా అక్కరలేదు. ఆ కాలములో దానికి తగిలిన ప్రతి ఆల్ఫాకణము కంటికి కానరాని గాయమొకటి చేసి పోవును. పిమ్మట ఫిల్మును 60 డిగ్రీల వేడిగల కాస్టిక్ సోడా ద్రావణములో గంటన్నరసేపు ఉంచినచో, గాయములు తినివేయబడి రంధ్రములగును. వానిని స్పార్క్ కౌంటరుతో లెక్కింతురు. మన ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు బోధించిన అనుమానమునకు ఇంతకు చక్కని యుదాహరణము నవీనకాలమున దొరకదు. ఈ గది పక్షము, రేడాన్ సాధ్యము, రంధ్రములు హేతువు. వంటయింటిలో పొగను నిప్పును జతగా పలుమారు చూచి వ్యాప్తిని గ్రహించినట్లు, ప్రయోగశాలలో తెలిసిన పరిమాణము గల రేడాన్ నడుమ ఇట్టి ఫిల్మునే యుంచి, ఇన్ని రంధ్రములకు ఇన్ని బెకరెల్లులని ముందుగనే స్థిరపఱతురు.

కాని నైయాయికుడు ఇంతటితో సమ్మతింపడు; హేతువు వ్యభిచరించుచున్నదేమో యని యడుగును. ఇచ్చట నిజముగనే వ్యభిచరించుచున్నది! గ్రానైటులో యురేనియముతోబాటు థోరియమును కలదు. దానినుండి పుట్టు థోరాన్ అను మఱియొక వాయువును ఆల్ఫాకణములనే విడుచును, ఫిల్ముమీద అదేవిధమైన రంధ్రములనే చేయును. అట్లయినచో రంధ్రమును చూచి రేడాన్ అనుట యెట్లు? థోరాన్ అర్ధాయువు సుమారు 56 సెకనులు. భాభా అణుపరిశోధన కేంద్రమువారు రూపొందించిన జంటగిన్నెల డోసిమీటరులో ఒక గిన్నెకు వడపోత కాగితమును, రెండవదానికి వాయువును మిక్కిలి మెల్లగా మాత్రమే లోనికి విడుచు పొరను అమర్తురు. మొదటి గిన్నెలోనికి రెండు వాయువులును ప్రవేశించును. రెండవ గిన్నె పొరను దాటులోపుననే థోరాన్ ఆయువు తీరిపోవును. రేడాన్ మాత్రమే చొచ్చును. రెండు ఫిల్ముల లెక్కల వ్యత్యాసమే థోరాన్. హేతువునకు పట్టిన దోషమును మాటలతో గాక పొరతో తొలగించిన ఈ యుపాయమును నైయాయికుడైన గంగేశోపాధ్యాయుడు చూచియున్నచో తప్పక మెచ్చుకొనియుండునని నా నమ్మకము.

ఈ కొలత మనకు దూరదేశపు వార్త కాదు. నారాయణగూడకు కొలదిమైళ్ళ దూరముననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగమువారు భాభా కేంద్రపు శాస్త్రజ్ఞులతో గూడి హైదరాబాదు ఇండ్లలోని థోరాన్‌ను కొలిచి, ఆ ఫలితములను 2004లో అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. తక్కిన దేశములందు పలుచోట్ల లెక్కకు రాదని విడిచిపెట్టబడిన థోరాన్‌ను ఇచ్చట ప్రత్యేకముగా కొలువవలసి వచ్చుటకు మన శిలయే కారణము. బేగంపేటలో అణుఖనిజ అన్వేషణ సంస్థ ప్రధాన కార్యాలయమున్నది; ఉప్పలు త్రోవలో భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది. నేలలోపలి సంగతులను చెప్పగల విద్వాంసులు ఇంతమంది యొక నగరమున చేరియుండుట దేశమున అరుదు.

నగరపు సగటు తెలిసిన పిమ్మట మన గదిని వేఱుగా కొలువనేల యని కొందఱడుగుదురు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున, 1984 డిసెంబరులో, స్టాన్లీ వాట్రాస్ అను ఇంజనీరు తాను పనిచేయు అణువిద్యుత్కేంద్రపు ద్వారమున ఉన్న వికిరణ పరీక్షాయంత్రమును దాటినప్పుడెల్ల గంట మ్రోగుచుండెను. కేంద్రములో విద్యుదుత్పత్తి యింకను మొదలు కాలేదు. లోపలికి పోవునప్పుడు సయితము గంట మ్రోగెను. వెదకగా దోషము ఆతని యింటిలో తేలినది: ఘనమీటరునకు సుమారు లక్ష బెకరెల్లులు. అట్లని పొరుగిండ్లన్నియు అటులనే యుండలేదు. ఆవును చూచి గవయమును పోల్చుకొనుట ఉపమానప్రమాణము. ఎదురింటి అంకెను చూచి మన యింటి అంకెను ఊహించుట ప్రమాణమే కాదు. పునాదిలోని బీటలు, గొట్టములు నేలలోనికి దిగుచోటి సందులు, కిటికీలు తెరచు అలవాటు, ఇవి ఇంటింటికిని మారును.

మన వీధుల అపార్టుమెంటులలో ఒక మేలు కలదు. పెక్కు భవనములను స్తంభములమీద లేపి క్రింద బండ్లు నిలుపుటకు ఖాళీ విడిచిరి. స్టిల్టు అని పిలువబడు ఆ తెఱపిలో నేలనుండి వచ్చినది చాలవఱకు గాలికి చెదరిపోవును. పై అంతస్తులకు చేరునది ఎక్కువగా గోడలు, ఇసుక, నేలపఱచిన బండలనుండి పుట్టినదే, అది సాధారణముగా స్వల్పము. వంటగట్టు బండను చూచి బెదరిపోవువారికి ఒకమాట: అంగడిలో గ్రానైటను పేర అమ్ముడుపోవు చీమకుర్తి నల్లరాయి శాస్త్రదృష్టిలో గ్రానైటే కాదు, అందు యురేనియము మిక్కిలి తక్కువ. బోరునీటిలో కరగి వచ్చు రేడాన్ పైతొట్టిలోనికి పడునప్పుడు కొంతయు, నిలువయందు కొంతయు తొలగును. మూడవ అంతస్తులో కిటికీలు తెరచుకొని నివసించువాడు దీనిని తలచి నిద్ర మానవలసిన పని లేదు, ఏ.సి. పెట్టుకొని నెలల తరబడి కిటికీ తెరువనివాడు మాత్రము కొంచెమాలోచింపవలెను.

ఆలోచింపవలసినది క్రింద. స్టిల్టునకు బదులు సెల్లారు త్రవ్విన భవనములలో ఆ సెల్లారు మూడు ప్రక్కల మన్నునే ఆనుకొని యుండును. మెట్లక్రింద, మోటారు ప్రక్కన, కిటికీ యొక్కటియు లేని గదిలో వాచ్‌మన్ కుటుంబము కాపురముండును. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక పొయ్యి. అశోక్‌నగరులో గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకై పల్లెలనుండి వచ్చిన యువకులు, చిక్కడపల్లి గ్రంథాలయములో చోటు దొరకనివారు, అద్దెకు దొరకిన ఇరుకుగదులలో, కొన్నియెడల నేలమట్టమునకు దిగువన, దినమునకు పన్నెండు గంటలు తలుపులు మూసికొని చదువుకొందురు. 2024 జూలైలో ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగరులో ఇట్టి సెల్లారు గ్రంథాలయములోనికి వరదనీరు చొచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించినప్పుడు దేశమంతయు కలతపడెను. నీరు కనబడునది.

ఇచ్చటనే అసలు ప్రశ్న, ధర్మప్రశ్న, తలయెత్తును. "ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్లకే వస్తుంది లెండి" అని వేదాంతము చెప్పువారు ప్రతి భవనములోను ఒకరుందురు. ఆ మాటకు శాస్త్రములో కొంత ఆధారమున్నట్లు కనబడుట దాని దౌర్భాగ్యము. ఒకే గాలి పీల్చిన పదిమందిలో ఎవరికి రోగము తగులునో ఏ వైద్యుడును చెప్పజాలడు. తగులుటకును, బయటపడుటకును నడుమ పెక్కుసంవత్సరములు గడచును. పొగత్రాగువానికి ఈ భయము త్రాగనివానికన్న ఇరువదియైదు రెట్లని అంచనా. యజ్ఞమునకును ఫలమునకును నడుమ గడచు కాలమునకు మీమాంసకులు అపూర్వమను కానరాని సేతువును కట్టినట్లు, దీనిని సయితము ప్రారబ్ధమని పలుకుట సులభము. కాని కర్మసిద్ధాంతమును మన దార్శనికులు ఇంత చవుకగా అమ్మలేదు. పీల్చిన గాలి ప్రారబ్ధమే కావచ్చును. రేపు పీల్చబోవునది ఆగామి, దానిమీద మన చేయి సాగును. యోగవాసిష్ఠమున వసిష్ఠుడు శ్రీరామునకు మొట్టమొదట బోధించినది దైవముమీద భారము వేసి కూర్చుండరాదనియే. పురుషప్రయత్నమును అంతగా పొగడిన గ్రంథము మఱియొకటి లేదు.

అంతకన్న గట్టి ఆక్షేపణ ఒకటి యున్నది. చేసిన కర్మ ఫలింపకపోవుట, చేయని కర్మఫలము వచ్చి పైబడుట: ఈ రెండును సంభవించు సిద్ధాంతమేదైనను అది దుష్టమని మన దర్శనములు ఘోషించినవి. కృతహానము, అకృతాభ్యాగమము అని వానికి పేర్లు. ఇతర మతములను ఖండించుటకు నైయాయికులును, వేదాంతులును మాటిమాటికి దూసిన ఖడ్గమిదియే. ఇపుడు మన సెల్లారును చూడుడు. గాలి చొరని గదిని నిర్మించినవాడు బిల్డరు, అనుమతించినవాడు అధికారి, వాచ్‌మన్‌కు జీతముతోబాటు వసతి యని దానిని చూపినవారు ఫ్లాటుల యజమానులు, అనగా మనము. ఆ గాలి పీల్చువాడు మాత్రము వీరిలో ఒకడును కాడు. అకృతాభ్యాగమము గ్రంథములలో తర్కదోషము. మెట్లక్రింది గదిలో అది నిత్యజీవితము. అందుకు "వాడి ఖర్మ" అనువాడు కర్మసిద్ధాంతమును అనుసరించుట లేదు, దానిని తలక్రిందులు చేయుచున్నాడు.

తెలియక కలుగు హానికి గృహస్థు బాధ్యుడగునా యని అడిగినచో, మన ధర్మశాస్త్రము ఆ ప్రశ్నను ఎన్నడో తీర్చినది. మనువు గృహస్థునకు అయిదు వధస్థానములను చెప్పెను: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ. వీనివలన కంటికి కానరాని ప్రాణులు చచ్చును. చంపవలెనని ఎవరికిని లేదు, చచ్చినవని ఎవరికిని తెలియదు. అయినను ఆ హింస ఇంటి యజమాని లెక్కలోనే వ్రాయబడును. పంచమహాయజ్ఞములు విధింపబడినది దాని నిష్కృతికే. నాకు ఈ విధి యందలి లోకజ్ఞత ఆశ్చర్యము గొలుపును. నా కుద్దేశము లేదు, నాకు కనబడలేదు అను రెండు మాటలను ఆ శాస్త్రము సాకులుగా అంగీకరింపలేదు. ఇల్లు కట్టుకొనుటయే, ఇతరులకు చోటిచ్చుటయే, కొన్ని కానరాని లెక్కలను తలకెత్తుకొనుట. ఆ అయిదింటి సరసన నేడు గాలి చొరని క్రిందిగదిని ఆఱవదిగా చేర్చుటకు నాకు సంకోచము లేదు.

వాస్తువునకు వెచ్చించు ధనమును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక తీరదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇల్లు కట్టుటకు ముందు నేలను పరీక్షింపుమనెను: మూర లోతు గొయ్యి త్రవ్వి, ఆ మట్టినే మరల దానిలో నింపి మిగిలినదో చాలలేదో చూడుమనెను, గొయ్యి నిండ నీరు పోసి నూరడుగులు నడచి వచ్చి ఎంత యింకెనో గమనింపుమనెను. ఫలితార్థముల సంగతి యెట్లున్నను అది కొలత. చేయి మట్టినంటిన విద్య. నేటి ఫ్లాటు కొనువాడు తూర్పు గుమ్మమునకు అదనముగా లక్షలిచ్చును, ఈశాన్యము పెరిగినదా యని తాడు పట్టును, నేలను మాత్రము అడుగడు. కానరాని శక్తులకింత వెచ్చించువానిని కానరానిదానిని నమ్మనివాడని నేనెట్లందును? పాత విద్యలో కొలతను విడిచి దిక్కును మాత్రము ఉంచుకొన్నాడని యందును.

కొలుచుటకు భయపడువారును కలరు. అంకె తెలిసినచో ఫ్లాటు వెల తగ్గునని వారి చింత. ఎక్కువ వచ్చినచో చేయవలసినది కొండంత పని కాదు: నేలలోని బీటలను, గొట్టముల చుట్టునున్న సందులను పూడ్చవలెను, క్రిందిగదికి గాలి వచ్చు త్రోవయు పోవు త్రోవయు చేయవలెను, మఱియు ఎక్కువైనచో నేలక్రిందినుండి గొట్టము వేసి ఫ్యానుతో ఆ గాలిని మిద్దెపైకి తోడివేయవలెను. అన్నిటికిని లొంగనంత హెచ్చయినచో ఆ గదిలో మనుష్యులను ఉంచరాదు. చలికాలమున కిటికీలు మూసియుండును గనుక ఆ ఋతువు కలిసివచ్చునట్లు కొలిచినచో అంకె సత్యమునకు దగ్గరగా నుండును. ఒక ఋతువుతో తృప్తిపడక ఏడాది పొడవున కొలిచిన నింకను మేలు.

ఈ మూడు పేటలలోని అసోసియేషన్లవారికి నా మనవి యొకటి. రాబోవు కార్తికమాసపు సమావేశములో దీపాలంకరణ పద్దుతోబాటు ఈ కొలత పద్దును వ్రాసికొనుడు. మొదటి డోసిమీటరును అధ్యక్షులవారి పడకగదిలో గాక సెల్లారులోని వాచ్‌మన్ గదిలో, పిల్లలు పండుకొను చోటికి సమీపమున వ్రేలాడదీయుడు, మూడునెలలు కదపకుడు. ఆ అంకె వచ్చిననాడు దానిని ఫైలులో దాచక, ముందుగా ఆ గదిలో నిద్రించువారికి చెప్పి, 100 దాటినచో ఆ నెలలోనే పని మొదలిడుడు.